విమానం దిగగానే కారు తాళాలు తీసుకోకండి

విదేశీ ప్రయాణానికి టికెట్లు బుక్ చేసుకున్న పూటే చాలామంది ఇంకో పని కూడా కానిచ్చేస్తారు. అదే వెబ్‌సైట్లో కిందనే కనిపిస్తుంది: దిగే ఎయిర్‌పోర్టులో కారు, దిగిన గంట నుంచి తిరుగు విమానం ఎక్కే గంట దాకా. తేదీలు వాళ్లే నింపి పెడతారు, మనం నొక్కడమే తరువాయి. నా గోలంతా ఆ నొక్కుడు మీదే. కారు అద్దెకు తీసుకోవద్దని నేననను. కొన్నిచోట్ల కారు లేకపోతే ఆ దేశం వెళ్లి కూడా వెళ్లనట్టే. కానీ ప్రయాణం మొత్తానికీ ఒకే కారు, అదీ విమానం దిగీ దిగగానే అనే లెక్క డబ్బుకీ చేటు, ఒంటికీ చేటు, ఒక్కోసారి ప్రాణానికీ చేటు. పెద్ద ఊళ్లో ఉన్నన్నాళ్లూ రైలు, బస్సు, కాలినడక. ఊరు వదిలే రోజు పొద్దున కారు. తర్వాతి పెద్ద ఊరు వచ్చేసరికి పొలిమేరలోనే దాన్ని అప్పగించెయ్యడం. నేను చెప్పేది ఇంతే. ఎందుకో చెప్పడానికే కాస్త సమయం పడుతుంది.

ఎయిర్‌పోర్టులో కారు అనే ఆలోచన పుట్టినచోట అది సబబైనదే. 1946లో వారెన్ ఏవిస్ అనే మాజీ వైమానిక అధికారి డెట్రాయిట్‌కి దూరంగా ఉండే విల్లో రన్ ఎయిర్‌పోర్టులో అద్దె కార్ల కౌంటర్ తెరిచాడు. అప్పటిదాకా ఈ వ్యాపారం ఊరి మధ్య గ్యారేజీల్లో నడిచేది. ఎక్కడో బయట దిగిన ప్రయాణికుడు కారు కోసం ముందు టాక్సీ కట్టించుకుని ఊళ్లోకి రావాలి. ఆ ఇబ్బంది తీర్చాడు కాబట్టే ఆయన వ్యాపారం అంత పెరిగింది. డెట్రాయిట్ కార్ల కోసం, కార్ల వల్ల పెరిగిన ఊరు. అక్కడికి సరిపోయిన లెక్కని ఇటలీలోని ఫ్లోరెన్స్ లాంటి పాత ఊరికి పట్టుకెళ్తేనే తంటా.

ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి కారుతో వెళ్తే ఏమవుతుందో చూడండి. వీధి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది: తెల్లటి గుండ్రం చుట్టూ ఎర్రటి అంచు, దాని కింద గంటలు రాసిన పలక. దాని పైన, స్తంభానికి ఒక కెమెరా. గేటు లేదు, పోలీసు లేడు, అడ్డంగా ఏమీ లేదు. ఫోన్‌లో మ్యాప్ మాత్రం నిశ్చింతగా "నేరుగా వెళ్లండి" అంటూనే ఉంటుంది. ఎనక వచ్చేవాడు హారన్ కొడుతుంటే బోర్డు కింది పలక చదివే తీరిక ఎవరికుంటుంది? ముందుకు పోతాం. ఆ క్షణానికి ఏమీ జరగదు. ఆ వీధి అనుమతి ఉన్న వాహనాలకు మాత్రమే అనే సంగతి కొన్ని నెలల తర్వాత ఇంటికొచ్చిన కవరు చెబుతుంది. ఇటలీలో ఈ పరిమిత ట్రాఫిక్ జోన్లు రోమ్‌లో ఉన్నాయి, పీసాలో ఉన్నాయి, సియెనాలో ఉన్నాయి, పేరు కూడా వినని చిన్న ఊళ్లలోనూ ఉన్నాయి. విదేశాల్లో ఉండేవాళ్లకి జరిమానా నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువిస్తుంది. ఈలోగా రెంటల్ కంపెనీ మన పేరూ అడ్రసూ పోలీసులకు ఇచ్చినందుకు విడిగా ఒక ఫీజు కార్డులోంచి లాగేస్తుంది. అది జరిమానా కాదు. జరిమానా తర్వాత వస్తుంది. ఒకే వీధి చుట్టూ దారి వెతుక్కుంటూ మూడుసార్లు తిరిగితే మూడు నోటీసులు.

హోటల్ జోన్ లోపలే ఉంటే వాళ్లకి ముందే కారు నంబర్ ఇచ్చి అనుమతి జాబితాలో ఎక్కించమని అడగొచ్చు, చాలా హోటళ్లు చేస్తాయి కూడా. అయితే ఆ ఊళ్లో మనం చూడదలచుకున్నవన్నీ ఒక దానికొకటి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నప్పుడు, రోజుకింత పార్కింగ్ కట్టి కారుని నిద్రపుచ్చడానికి ఈ తతంగమంతా ఎందుకు? మిలాన్ మధ్యకు వెళ్లాలంటే ప్రవేశ రుసుము. లండన్ మధ్యలోకి వెళ్తే 2003 నుంచీ కంజెషన్ చార్జీ అనే రద్దీ రుసుము, అక్కడా గేటు ఉండదు, మనంతట మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. వెనిస్‌లో కారు ఊరి అంచున పియాజాలే రోమా దగ్గరే ఆగిపోతుంది, ఆపైన పడవో కాళ్లో. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ చూడాలంటే కారుని 5 కిలోమీటర్ల ఇవతల టేష్‌లో వదిలి రైలెక్కాలి. ఇలాంటి ఊళ్లన్నీ మనకు ఒకటే చెబుతున్నాయి, కారుతో రావద్దని. అయినా మనం అద్దె కట్టి మరీ తీసుకెళ్తాం.

ఇక రెండో సంగతి, నాకు అన్నిటికంటే పెద్ద సంగతి: రోడ్డుకి ఏ పక్కన నడపాలన్నది. ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతు ఎడమవైపు నడిపే దేశాల్లో ఉంది, మిగతాదంతా కుడివైపు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లడం ఎంత పెద్ద మార్పో స్వీడన్‌ని అడిగితే తెలుస్తుంది. 1967 సెప్టెంబర్ 3న ఆ దేశం ఎడమ నుంచి కుడికి మారింది. అందుకోసం ఆదివారం తెల్లవారుజామును ఎంచుకున్నారు, అత్యవసరం కాని వాహనాలన్నిటినీ కొన్ని గంటలు రోడ్డెక్కనివ్వలేదు, అంతకుముందు నెలల తరబడి ప్రచారం చేశారు. 2009లో సమోవా కుడి నుంచి ఎడమకు మారినప్పుడు రెండు రోజులు సెలవిచ్చారు. దేశాలకు దేశాలు ఇంత జాగ్రత్తగా, నిద్ర సరిపోయిన జనంతో చేసిన పనిని మనం రాత్రంతా విమానంలో మెడ వంకరగా కూర్చుని, తెల్లారి సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చి, ఎయిర్‌పోర్టు చుట్టూ ఉండే అయిదారు లేన్ల రోడ్ల మీద మొదలుపెడతాం. మొదటి రాత్రి నిద్రపోయి, మర్నాడో ఆ మర్నాడో ఊరి చివరి బ్రాంచిలో కారు తీసుకుంటే ఇదే మార్పు సగం తేలికవుతుంది.

నిజానికి రద్దీ హైవే మీద రాంగ్ సైడ్ వెళ్లడం అరుదు. ముందూ వెనకా కార్లుంటాయి, వాటి వెంట పోతాం. తప్పు జరిగేది ఖాళీ రోడ్డు మీద: పెట్రోల్ పోసుకుని బయటికొచ్చేటప్పుడు, ఫొటో కోసం ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడు, పొద్దున్నే హోటల్ గేటు దాటేటప్పుడు. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి పాత అలవాటు చేతుల్లోకి వచ్చేస్తుంది. దీనికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. మామూలుగా ఏ దేశంలోనైనా డ్రైవర్ సీటు రోడ్డు మధ్య గీతకి దగ్గరగా ఉండాలి. నేను గట్టు పక్కన ఉన్నానంటే తేడా జరిగిందన్నమాట. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా ఒక పని అప్పజెప్తాను: ప్రతి మలుపు ముందూ ఏ పక్కకో పైకి చెప్పడం. మొదట్లో నవ్వుతారు, తర్వాత అలవాటవుతుంది.

ఇంకో చిన్న ఇబ్బంది ఎవరూ చెప్పరు. స్టీరింగ్ అవతలి పక్కకి మారినప్పుడు కారు వెడల్పు మనసులో కుదరడానికి టైం పడుతుంది. తెలియకుండానే ప్యాసింజర్ పక్కకి జరిగిపోతుంటాం. అద్దె కార్ల చక్రాల రిమ్ముల మీద అన్ని గీతలు ఆ పక్కే ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందిగా. ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఊగడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. దీనికి తోడు గేర్ల కారైతే గేరు మార్చే చెయ్యి కూడా మారుతుంది. ఆటోమేటిక్‌కి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి. యూరప్‌లో ఏమీ అడక్కపోతే గేర్ల కారే ఇస్తారు, ఆటోమేటిక్ ముందుగా బుక్ చేసుకోకపోతే వేసవిలో దొరకదు.

స్థానిక రూల్స్ కూడా ముందురోజు ఒక గంట కూర్చుని చదువుకోవాల్సినవే. ఫ్రాన్స్‌లో బోర్డు ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిది ముందు హక్కు, వాడు సందులోంచి వచ్చినా సరే. అమెరికాలో చాలాచోట్ల ఎర్ర లైటు మీద పూర్తిగా ఆగి కుడికి తిరగొచ్చు, న్యూయార్క్ నగరంలో మాత్రం తిరగొచ్చనే బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు. పసుపు స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే ఎదురొచ్చే కార్లు కూడా చాలా రోడ్ల మీద ఆగిపోవాలి. ఐర్లండ్‌లో ఉత్తరానికి సరిహద్దు దాటగానే బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లయిపోతాయి, ఆ సరిహద్దు చెక్‌పోస్టులేమీ ఉండవు కాబట్టి దాటామన్న సంగతి బోర్డు చూసే తెలుసుకోవాలి.

లైసెన్సు విషయం మాత్రం బయలుదేరకముందే తేల్చుకోవాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అనేది కొత్త లైసెన్సేమీ కాదు, మన లైసెన్సుకి నలుగురికీ అర్థమయ్యే అనువాదం మాత్రమే. అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. పైగా అందులో రెండు రకాలున్నాయి: 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. జపాన్ 1949 నాటి పర్మిట్‌నే ఒప్పుకుంటుంది. కొన్ని దేశాల లైసెన్సులకి మాత్రం విడిగా అధికారిక అనువాదం చాలు. చైనాలో ఈ పర్మిట్ ఏదీ చెల్లదు, అక్కడి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాల్సిందే. లైసెన్సు ఇచ్చిన దేశంలో, అందుకు అధికారం ఉన్న సంస్థ మాత్రమే ఈ పర్మిట్ ఇస్తుంది. ఆన్‌లైన్లో నిమిషాల్లో రంగురంగుల కార్డు చేసి పంపుతామనేవాళ్ల కాగితం చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడితే ఎవరూ తాళాలివ్వరు. ఇచ్చినా, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు దాన్నే పట్టుకుంటారు.

ఇప్పుడు కౌంటర్ దగ్గరికి వద్దాం. అసలు వ్యాపారం జరిగేది అక్కడే. వెబ్‌సైట్లో కనిపించిన అద్దె గాలం మాత్రమే. ఆన్‌లైన్ ధరలో తప్పించుకోలేని ఖర్చులన్నీ కలిపి చూపించాలని యూరోపియన్ కమిషన్ ఏళ్ల తరబడి వెంటపడితే, 2019 నాటికి 5 పెద్ద కంపెనీలు దారికొచ్చాయి. అంటే అంతకుముందు చూపించకుండానే కాలం గడిపారనే కదా. ఇప్పటికీ కౌంటర్ దగ్గర మిగిలిపోయింది ఇన్సూరెన్స్. ఎయిర్‌పోర్టులో అర్ధరాత్రి దిగినవాడి ముందు పెట్టినంత తేలిగ్గా ఆ కాగితాన్ని నిద్రపోయి లేచినవాడి ముందు పెట్టలేరు. దిగగానే కారొద్దని నేననడానికి ఇదొక కారణం.

మామూలుగా అద్దెలో కలిసి వచ్చేది కొలిజన్ డ్యామేజ్ వేవర్. పేరుకి ఇన్సూరెన్స్‌లా వినిపిస్తుంది గానీ, కారుకి దెబ్బ తగిలితే ఒక మొత్తానికి మించి మన దగ్గర వసూలు చెయ్యబోమని కంపెనీ ఇచ్చే మాట మాత్రమే అది. ఆ మొత్తాన్నే ఎక్సెస్ అంటారు. యూరప్‌లో అది వెయ్యి యూరోలో, రెండు వేలో, ఇంకా పైనో ఉండటం మామూలు. అంతవరకూ మనదే భారం. అందుకే ఆ మొత్తాన్ని కార్డు మీద ముందే బ్లాక్ చేస్తారు. మెయిన్ డ్రైవర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డే కావాలనేది కూడా అందుకే. భార్య కార్డుతో బుక్ చేసి భర్త నడుపుతానంటే, డెబిట్ కార్డు చూపిస్తే, చాలా కౌంటర్లలో కుదరదంటారు. టైర్లు, అద్దాలు, కారు పైకప్పు, అడుగుభాగం చాలా ఒప్పందాల్లో ఈ వేవర్ కిందికి రావు. విచిత్రమేమిటంటే, విదేశీ రోడ్ల మీద కొత్త డ్రైవర్ దెబ్బ తినిపించేవి ముఖ్యంగా అవే.

కౌంటర్ మనిషి ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతుంది, ఎప్పుడూ ఒకే తరహాలో: "చిన్న గీత పడినా మొత్తం మీరే కట్టాలి, పర్లేదా?" పర్లేదనడానికి గుండె ధైర్యం చాలదు. రోజుకింత అని జీరో ఎక్సెస్ కవర్ తగిలిస్తారు, ఒక్కోసారి అది అసలు అద్దెని దాటిపోతుంది. దీనికి బదులు బయటి కంపెనీల దగ్గర ఎక్సెస్ ఇన్సూరెన్స్ ముందే కొనుక్కోవచ్చు, చాలా తక్కువకి వస్తుంది. కాకపోతే దాని తీరు వేరు: దెబ్బ తగిలితే ముందు మనం రెంటల్ కంపెనీకి కట్టి, తర్వాత కాగితాలన్నీ పంపి ఇన్సూరెన్స్ దగ్గర రాబట్టుకోవాలి. కార్డు మీద డిపాజిట్ బ్లాక్ అవడమూ తప్పదు. ఆ డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుపోయినా ఇబ్బంది లేనివాళ్లకి నేను దీన్నే చెబుతాను. చిన్నపిల్లలతో వెళ్తూ, తిరిగొచ్చాక ఈమెయిళ్ల వెంట తిరిగే ఓపిక లేనివాళ్లు కౌంటర్ కవర్ తీసుకున్నా నేను తప్పు పట్టను, మనశ్శాంతికీ ఒక ధర ఉంటుంది. క్రెడిట్ కార్డుతో పాటు వచ్చే ఇన్సూరెన్స్ కవర్‌ని నమ్ముకునేవాళ్లు మాత్రం షరతులు చదవాలి. చాలా కార్డుల్లో అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టి, కంపెనీ ఇచ్చే వేవర్ వద్దంటేనే అది పనిచేస్తుంది.

అమెరికాలో ఇంకో మెలిక. యూరప్‌లో అవతలివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ అద్దెలోనే తప్పనిసరిగా ఉంటుంది. అమెరికాలో అది ఎంత ఉంటుందో రాష్ట్రాన్ని బట్టి, బుక్ చేసిన రేటుని బట్టి మారుతుంది, కొన్ని బుకింగ్‌ల్లో నామమాత్రమే. మన కారు గీతల కంటే అవతలి మనిషి ఆసుపత్రి బిల్లు ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ డబ్బు పెట్టాల్సింది ఈ లయబిలిటీ కవర్ మీద. బుక్ చేసేటప్పుడే అది ఎంతవరకు ఉందో రాతలో చూసుకోండి.

కాగితాల మీద సంతకం అయ్యాక కారు చుట్టూ ఒక వీడియో. ఇది అందరూ చెప్పేదే, కానీ తీసే పద్ధతి ఉంది. ముందు కారు నంబర్ కనపడాలి, తర్వాత ఆపకుండా చుట్టూ తిరగాలి, నాలుగు చక్రాల దగ్గరా మోకాళ్ల మీద వంగి రిమ్ము దగ్గరికి ఫోన్ పెట్టాలి, ముందు అద్దం మీద వెలుతురు ఏటవాలుగా పడేలా చూసుకోవాలి, బంపర్ కింది అంచు, చివరగా డ్యాష్‌బోర్డులో కిలోమీటర్లూ పెట్రోలూ. బేస్‌మెంట్ పార్కింగ్ చీకట్లో ఇస్తే టార్చి వేసుకునైనా తియ్యాలి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అదే పని. ఒకసారి నేను కారు అప్పగించి ఇంటికొచ్చాక ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, వెనక చక్రం రిమ్ము మీద గీతలట, బిల్లు జతపరిచారు. కారు తీసుకున్నరోజు వీడియోలో అదే చక్రం, అవే గీతలు. ముక్క కత్తిరించి పంపాను. "ఫైల్ మూసేశాం" అని ఒక లైను జవాబు. క్షమాపణ లేదు, పలకరింపూ లేదు. ఆ వీడియో లేకపోతే ఆ గీతలు నావే అయిపోయేవి.

ఇక నేను చెప్పే పద్ధతికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం, ఎయిర్‌పోర్టు బ్రాంచిలే సుఖం కదా అని. నిజమే, అక్కడ కార్లెక్కువ, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. ఊళ్లో బ్రాంచిలు యూరప్‌లో శనివారం మధ్యాహ్నమే మూసేస్తారు, ఆదివారం చాలాచోట్ల తెరవనే తెరవరు, చిన్న ఊళ్లలో భోజనాల వేళ తలుపులేస్తారు. కాబట్టి కారు తీసుకునే రోజూ ఇచ్చే రోజూ వారం మధ్యలో పడేలా చూసుకోవాలి. ఆ ఒక్క ఇబ్బంది పడితే ఎయిర్‌పోర్టు సర్‌చార్జీ తప్పుతుంది, వాడని రోజుల అద్దె తప్పుతుంది, పార్కింగ్ తప్పుతుంది. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండే బ్రాంచిలు నాకు అన్నిటికంటే నచ్చుతాయి, రైలు దిగి అక్కడే కారెక్కొచ్చు. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే వన్‌వే ఫీజు పడుతుంది. అదే దేశంలో అయితే భరించగలిగేంతే ఉంటుంది చాలాసార్లు, సరిహద్దు దాటి ఇస్తానంటే మాత్రం కళ్లు తిరుగుతాయి. అందుకని ఒక స్టేషన్ నుంచి బయలుదేరి చుట్టు తిరిగి అక్కడికే రావడం మేలు.

సరిహద్దుల సంగతి వచ్చింది కాబట్టి జెనీవా చిట్కా ఒకటి. ఆ ఎయిర్‌పోర్టుకి స్విస్ వైపు ఒకటి, ఫ్రెంచ్ వైపు ఒకటి, రెండు విభాగాలున్నాయి. ఫ్రెంచ్ వైపు అద్దెలు తరచుగా చౌక. కానీ ఫ్రెంచ్ కారు మీద స్విస్ హైవేలకి కావాల్సిన విన్యెట్, అంటే హైవే రుసుము కట్టిన గుర్తు, ఉంటుందన్న నమ్మకం లేదు. అది ఏడాదికి 40 ఫ్రాంకులు, ఒక్కరోజుకి కావాలన్నా అంతే. ఆస్ట్రియా, స్లొవేనియాల్లో తక్కువ రోజులవి కూడా దొరుకుతాయి. కొన్ని దేశాల్లోకి అసలు కారే తీసుకెళ్లనివ్వని ఒప్పందాలుంటాయి, ముఖ్యంగా ఖరీదైన కార్లకి. ఎక్కడెక్కడికి వెళ్తున్నామో కౌంటర్‌లో చెప్పి కాగితం మీద రాయించుకోవాలి. చెప్పకుండా దాటితే ఇన్సూరెన్స్ మొత్తం గాల్లో కలిసిపోతుంది.

టోల్ బూత్‌లు పోతున్నాయి, ఆ సౌఖ్యం వెనక ఒక ఉచ్చు ఉంది. పారిస్ నుంచి నార్మండీ వెళ్లే హైవే మీద ఇప్పుడు ఆగే పనే లేదు, కెమెరా నంబర్ చదివేస్తుంది, 72 గంటల్లోగా మనమే ఆన్‌లైన్లో కట్టాలి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచీ డబ్బు తీసుకునే మనిషే లేడు. అక్కడ రెంటల్ కంపెనీల టోల్ సర్వీసు వాడితే టోల్‌కి తోడు రోజువారీ ఫీజు ఉంటుంది. వంతెన ఒక్కసారి దాటేవాళ్లు ముందే నంబర్ ఇచ్చి సొంతంగా కట్టుకుంటే అది మిగులుతుంది. పెట్రోల్ దగ్గర ఒక్కటే జాగ్రత్త: గొట్టం రంగుని నమ్మొద్దు, దేశానికో రంగు. యూరప్‌లో 2018 నుంచి ఒకే గుర్తులు పెట్టారు, పెట్రోల్‌కి గుండ్రం, డీజిల్‌కి చతురస్రం. ట్యాంకు మూత లోపలి గుర్తుతో సరిచూసుకుని పోసుకోవాలి. పెట్రోల్ ముందే కొనేసుకోమని, ఖాళీగా తెచ్చివ్వమని అడిగితే వద్దనండి, సరిగ్గా ఖాళీ చేసి ఎవడూ తిరిగివ్వలేడు.

ఇన్ని చెప్పాక కారెందుకసలు అనిపించొచ్చు. ఐస్‌లాండ్‌లో రైళ్లే లేవు. దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు మీద ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడమే అక్కడి ప్రయాణం. స్కాట్లండ్ హైలాండ్స్, న్యూజీలాండ్ దక్షిణ ద్వీపం, అమెరికా పశ్చిమాన జాతీయ పార్కులు, టస్కనీ కొండల మీది పల్లెలు, నమీబియా కంకర రోడ్లు: ఇక్కడ బస్సు కోసం ఎదురుచూసేవాడికి సగం రోజు పోతుంది, మిగతా సగం బస్సు వదిలేసిన చోట పోతుంది. ఊళ్లలో మిగిల్చిన డబ్బంతా ఇక్కడ మంచి కారు మీద, సరైన కవర్ మీద పెట్టాలి. ఐస్‌లాండ్ లోపలి కొండ రోడ్లకి, వాటి నంబర్ ముందు ఎఫ్ అక్షరం ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. మామూలు కారుతో వెళ్తే చట్టానికీ విరుద్ధం, ఇన్సూరెన్సూ ఉండదు. ఏరు దాటుతుంటే ఇంజన్లోకి నీళ్లు పోతే ఏ కవరూ ఆదుకోదు. కంకరకి విడిగా ఒక కవరు, ఇసుక, బూడిద గాలిదుమారానికి ఇంకోటి. తలుపు తీసేటప్పుడు గాలికి అది అమాంతం వెనక్కి విరుచుకుపోవడం అక్కడ రోజూ జరిగేదే, చాలా కంపెనీలు ఆ నష్టాన్ని మన నెత్తినే వేస్తాయి. కారుని గాలికి ఎదురుగా నిలిపి, తలుపుని రెండు చేతులతో పట్టుకుని తియ్యమని చెప్పేది అందుకే.

ఐస్‌లాండ్‌కైనా నా మాట మారదు. కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు నుంచి రేక్యావిక్ దాదాపు 50 కిలోమీటర్లు, బస్సులో ముప్పావు గంట. ఒక రాత్రి పడుకుని, ఊరు నడిచి చూసి, మర్నాడు పొద్దున కారు తీసుకున్నవాడు పోగొట్టుకునేదేమీ లేదు.

రెండో అభ్యంతరం నిజంగా బరువైనది: నలుగురైదుగురు కుటుంబం, ముసలివాళ్లు, చంటిపిల్లలు, సూట్‌కేసులు. నలుగురి రైలు టికెట్లు కలిపితే కారే చౌకగా తేలుతుంది, కాదనను. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి రెండున్నర గంటల్లో తీసుకెళ్లే రైలు కూడా అయిదుగురికి లెక్కేస్తే చేదుగానే ఉంటుంది. అలాంటప్పుడు ఊరి నుంచి ఊరికి కారే వాడండి. కానీ మొదటి రాత్రి మాత్రం ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ. వెనక సీట్లో పసివాడు ఏడుస్తుంటే, ముందు సీట్లో నాన్నగారు కునుకు తీస్తుంటే, తెలియని పక్కన తెలియని రోడ్డు మీద కారు నడిపేవాడికే ఆ టాక్సీ డబ్బు అందరికంటే ఎక్కువ గిట్టుబాటు. పిల్లల సీటు ముందే బుక్ చేసినా కౌంటర్‌లో పాతదో, సైజు సరిపోనిదో చేతిలో పెట్టడం కద్దు. సొంత సీటుని విమానంలో తీసుకెళ్లొచ్చేమో మీ ఎయిర్‌లైన్‌ని అడగండి, చాలా ఎయిర్‌లైన్స్ డబ్బు తీసుకోకుండా ఒప్పుకుంటాయి.

అమెరికాలో కొన్ని ఊళ్లు మాత్రం నన్ను ఓడిస్తాయి. బస్సు గంటకొకటి, నడిచేవాళ్లకి ఫుట్‌పాత్ కూడా లేని చోట్ల టాక్సీ ఖర్చు రెండు రోజుల్లో అద్దెని దాటేస్తుంది. అక్కడ ఎయిర్‌పోర్టులోనే కారు తీసుకోండి, సందేహం లేదు, నిద్రపోయాక. ఎయిర్‌పోర్టు పక్కన ఉచిత షటిల్ ఉన్న హోటళ్లు బోలెడు. న్యూయార్క్, బోస్టన్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలకి ఈ మినహాయింపు వర్తించదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సూట్‌కేసులున్న అద్దె కారుని వీధిలో వదిలితే దొంగలు పగలగొట్టకుండా వెనక అద్దం మిగలడం అదృష్టం.

అప్పగించేటప్పుడు తాళాలు డబ్బాలో వేసి వెళ్లిపోయే పద్ధతి వీలైనంతవరకు వద్దు. మనిషి ఉన్న వేళకి వెళ్లి, కారు చూపించి, దెబ్బలేమీ లేవని రాయించుకోండి. కారు స్క్రీన్‌లోంచి మన ఫోన్ పేరు, కాంటాక్టులు, ఇంటి అడ్రసు తీసెయ్యండి, అందులో మనకంటే ముందు వచ్చినవాళ్లవి చాలానే కనిపిస్తాయి. పెట్రోల్ నింపిన రసీదు, రెండు వీడియోలు, ఒప్పందం కాపీ ఫోన్లోనే ఉండనివ్వండి. ఇటలీలో నడిపినవాళ్లైతే కనీసం ఏడాదిపైన. కార్డు క్యాన్సిల్ చేసేస్తే తప్పించుకోవచ్చని కొందరంటారు గానీ, కార్డులోంచి పోయేది కంపెనీ ఫీజు మాత్రమే. జరిమానా కవరు ఇంటి అడ్రసుకే వస్తుంది.